కొత్తవాళ్ళ వేషం

ఆ వేసవిలో నేను ఒక్కడినే ఊరంతమందిని. పొద్దున బస్సు కండక్టరుని, మధ్యాహ్నం మందులషాపు గుమాస్తాని, సాయంత్రానికి ఎవరిమీద పడితే వాళ్ళమీద నోరు పారేసుకునే ముసలాయనని. నాటకం కంపెనీలో ఏళ్ళతరబడి వేసిన వేషాలన్నీ ఒక ఎత్తు, ఆ ఎండల్లో వేసినవి ఒక ఎత్తు. కంపెనీలోనైతే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇక్కడ ముగ్గురే ముగ్గురు, నా టోపీ ఎప్పుడు ఊడుతుందా అని చూసేవాళ్ళు.

కంపెనీ మూతపడ్డాక వారం ఉండి పోదామని అక్క ఇంటికి వచ్చాను. ఎండలు ముదిరినా ఊరు దాటలేదు. ఇంట్లో మాత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మేడమీదికి, మళ్ళీ వంటింట్లోకి.

"కాలుగాలిన పిల్లిలా ఏమిట్రా ఆ తిరుగుడు? కాసేపు ఎక్కడన్నా కూలబడు," అనేది అక్క.

అక్క ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. బావ రొట్టెల వ్యాను నడుపుతాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆటిజం ఉంది. చిన్నప్పుడు కొత్తమనిషి గుమ్మంలో కనబడితే చాలు, బీరువా పక్క సందులో దూరి ముడుచుకుని కూర్చునేదట. బావ గువ్వ అని పిలవడం మొదలుపెట్టాడు, అదే పేరైపోయింది.

గువ్వ వెళ్ళే ప్రత్యేక పాఠశాలలో ఆ సెలవులతో తన గడువు అయిపోతుంది. ఆ వయసు దాటినవాళ్ళకి అక్కడ చోటు లేదు. రెండు వీధుల అవతల ఒక లాండ్రీలో కౌంటరు దగ్గర మనిషి కావాలన్నారు. వేసవి చివర ఒక రోజు నిలబెట్టి చూస్తామన్నారు. నిలబడగలిగితే గువ్వకి ఈ ఊళ్ళో ఒక చోటు దొరికినట్టు. లేకపోతే ఇంట్లో కూర్చోవాలి, తనకి తోడుగా ఉద్యోగం మానేసి అక్క కూడా కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. కానీ అక్క అన్నం పెట్టే తీరులో కూడా అది తెలిసిపోయేది.

అలాంటి రోజుల్లో ఆ పాఠశాల టీచరుగారు ఇంటికి వచ్చారు. నలుగురితో మాట్లాడటం, అడగటం, ఆగటం, కాదనటం, ఇవన్నీ సెలవుల్లో నేర్పే క్లాసు ఆవిడది.

"మా ఇబ్బంది ఏమిటంటే, క్లాసులో కొత్తవాళ్ళు లేరండీ," అన్నారావిడ మంచినీళ్ళు తాగుతూ. "పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు చక్కగా మాట్లాడతారు. నాతో ఇంకా చక్కగా. నేను కోపం నటిస్తే నవ్వుతారు. నా మొహానికి కోపం అతకదు."

"కొత్తవాళ్ళు కావాలా?" అన్నాడు బావ. "మా బావమరిదిని తీసుకెళ్ళండి. వాడు ఎప్పుడూ ఇంకెవరిలాగానో బతికాడు. మా బాత్రూమన్నా ఖాళీ అవుతుంది."

అలా నాకు ఉద్యోగం దొరికింది.

*

క్లాసు పాఠశాల పైఅంతస్తులో పొడుగాటి గది. ఒక బల్ల అడ్డంగా వేస్తే కొట్టు, కుర్చీలు వరసగా వేస్తే బస్సు. గువ్వ కాక ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకడు మేయరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కుర్రాడు. ఎదురైన ప్రతివాణ్ణీ గట్టిగా కావలించుకుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి, మీ పని నేను చూస్తాను అని మాటిచ్చేవాడు, అందుకే ఆ పేరు. రెండోవాడు ఎక్స్‌ప్రెస్. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒక్కొక్క మాటా కూడదీసుకుని పలికేవాడు. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఎక్కడా... ఆగను... కనక," అన్నాడు. చెప్పి మా మొహాలు చూశాడు, నవ్వామా లేదా అని.

టీచరుగారి పద్ధతి ఇది. నేను తలుపు తట్టి రావాలి. వేషంలో ఉన్నంతసేపూ వేషమే, మధ్యలో జాలి చూపించకూడదు. అయితే పాఠం అయ్యాక ఎవరికీ భయం మిగలకూడదు. అందుకని చివర్లో టోపీయో, కళ్ళజోడో తీసేసి, "నేనే, మామయ్యని" అని చెప్పాలి. ఈ తీసే పని గువ్వ తీసుకుంది. నేను తల వంచితే రెండు వేళ్ళతో జాగ్రత్తగా తీసి బల్లమీద పెట్టి, "నువ్వు నువ్వే," అనేది. ఆ తర్వాత అందరం టీ తాగేవాళ్ళం.

మొదట్లో నేను గొంతు పెంచగానే గువ్వ బల్ల కింద దూరేది. తర్వాత బల్ల పక్కన నిలబడింది. ఆ తర్వాత బల్ల వెనక.

"నా చొక్కా ఏదీ?" అని గర్జించేవాణ్ణి.

"రసీదు ఇవ్వండి."

"రసీదు లేదు. నేనెవరో తెలుసా నీకు?"

"తెలీదు." గువ్వ చూపు నా చేతులమీదే ఉండేది. కళ్ళలోకి చూసి తీరాలని టీచరుగారు ఎప్పుడూ పట్టుపట్టలేదు, చేతులు చూస్తే చాలన్నారు. "రసీదు లేకపోతే బట్టలివ్వడం కుదరదండీ. రేపు రండి."

"రేపా? మీ యజమానిని పిలు."

"ఒక్క నిమిషం ఆగండి."

అక్కడికి నేను చిత్తు. తల వంచేసేవాణ్ణి.

మేయరుకి కావలించుకోకుండా చెయ్యి చాచడం నేర్పాం. చెయ్యి చాచేవాడు, పట్టుకున్నాక వదలమని మాత్రం బతిమాలుకోవాల్సి వచ్చేది. ఎక్స్‌ప్రెస్‌కి నేర్పాల్సింది ఏమీ లేదు. అవతలివాళ్ళని ఆపడమే అతనికి కావాలి. ఒకరోజు నేను పోస్టాఫీసు గుమాస్తాని. అతను మొదటి మాట దగ్గర ఉండగానే, "పార్సిలా? అటు వెళ్ళు," అని కొట్టిపారేశాను.

"నా మాట... ఇంకా... అవలేదు."

ఆగాను. అతను మళ్ళీ మొదలుపెట్టాడు. నా కాలు బల్ల కింద టకటకా కొట్టుకుంటోంది. అది గుమాస్తా కాలు కాదు, నాదే. ఆ సంగతి టీచరుగారు కనిపెట్టారు, ఎక్స్‌ప్రెస్ అంతకుముందే కనిపెట్టాడు.

"స్టేషను మాస్టరుకి... ఓపిక... లేదు," అన్నాడు నన్ను చూపించి. ఆ రోజు టీ అతను తాగేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు.

నిజం చెప్పాలంటే, నేను ఆ పనిలో మునిగిపోయాను. ఇంట్లో అద్దం ముందు కొత్తకొత్త నడకలు కట్టేవాణ్ణి. బాత్రూములోంచి ఎవరు బయటికొస్తారో తెలియక చస్తున్నానని బావ గోలపెట్టేవాడు. కానీ గువ్వలో వచ్చిన మార్పు చూసి అతనూ నోరు మూసుకున్నాడు. బస్సులో కండక్టరుని టికెట్ అడిగింది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచింది, అంతకుముందు దానికోసం ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చేది. మందులషాపులో మాత్రలు కొని, చిల్లర సరిగ్గా లేదని నిలదీసింది. పని అయ్యాక ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒకసారి చూసి, నవ్వు దాచుకుంటూ వచ్చేసేది. ఆ నవ్వు మేమందరం చూశాం. ధైర్యం వచ్చిందనుకున్నాం. అక్క నన్ను ఆకాశానికెత్తేసింది, ఆ వారమంతా నా కాఫీలో చక్కెర ఎక్కువైంది.

నా సంగతి వేరు. పాత మేనేజరు ఇంకో ఊళ్ళో కొత్త కంపెనీ కడుతున్నాడని తెలిసింది. ఆయన నంబరు జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఎన్ని గొంతులతోనైనా మాట్లాడగలను గానీ, నా గొంతుతో 'నాకు పని ఉందా' అని అడగడానికి నీళ్ళు నమిలేవాణ్ణి. ఫోను తీయడం, పెట్టెయ్యడం, మేడెక్కి దిగడం.

"ఫోన్ చెయ్యి మామయ్యా," అంది గువ్వ ఓ సాయంత్రం.

"చేస్తాలే."

"భయమా?"

"భయం కాదే, వీలు చూసుకుని..."

"భయం," అని తేల్చేసి వెళ్ళిపోయింది.

*

లాండ్రీ రోజు వచ్చింది. అక్కకి సెలవు దొరకలేదు. టీచరుగారు లోపల, ఇస్త్రీ బల్లల వెనక కూర్చున్నారు. నన్ను ఆ ఛాయలకే రావద్దన్నారు. నేను వింటే కదా. వీధికి అవతల తాళాలు బాగుచేసే కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఏం పోయిందండీ?" అన్నాడు తాళాలాయన.

"ఏమీ పోలేదు."

"మరి ఏం వెతుకుతున్నారు?"

అద్దం తలుపులోంచి లాండ్రీ కౌంటరు వైపు చూస్తూ నిలబడ్డాను. గువ్వ నీలంరంగు కోటు వేసుకుని నిలబడి ఉంది. ఒకావిడ వచ్చింది, రసీదు ఇచ్చింది, చీరల కట్ట తీసుకుని వెళ్ళింది. కాలేజీ కుర్రాడు వచ్చాడు, వెళ్ళాడు. లాండ్రీ యజమానురాలు తల ఊపుతోంది. నా గుండె అప్పటికి కాస్త కుదుటపడింది.

అప్పుడు లావుపాటి కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన లోపలికి వెళ్ళాడు. జేబులు తడుముకున్నాడు. చేతులు తిప్పాడు. గాజుతలుపు వెనక నాకు మాటలు వినబడవు, కానీ అది కోపమని తెలుస్తోంది. గువ్వ కదలకుండా నిలబడింది. బాగా చేస్తోంది, భేష్ అనుకున్నాను. ఆయన కౌంటరు మీద అరిచెయ్యి ఆనించి తల వంచేశాడు, భుజాలు వణికాయి. గువ్వ కాసేపు ఎదురుచూసింది. తర్వాత రెండు వేళ్ళు చాచి, జాగ్రత్తగా, ఆయన కళ్ళజోడు పట్టుకుంది.

నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. వీధికి అవతల నిలబడి, "అది నేను కాదు గువ్వా," అన్నాను పైకి. తాళాలాయన నావైపు చూశాడు.

లోపల జరిగింది టీచరుగారు తర్వాత చెప్పారు. ఆయనకి తన కోటు కావాలి, రసీదు లేదు. కుదరదండీ, రేపు రండి అంది గువ్వ. రేపు నాకెందుకమ్మా, మా అమ్మ పోయింది, సాయంత్రం సాగనంపాలి, ఆ కోటు ఆవిడ కుట్టించింది అన్నాడాయన. అంటూ అంటూ ఏడ్చేశాడు. గువ్వ అంతా విని, "చాలా బాగుంది మామయ్యా. ఏడుపు కొత్తది. ఇక చాలు, 'నేనే' అను," అంది. అని కళ్ళజోడు తీయబోయింది.

ఆయన వెనక్కి తూలాడు. లాండ్రీ ఆవిడ పరిగెత్తుకొచ్చి కోటు చేతిలో పెట్టింది. గువ్వ నీలం కోటు మధ్యాహ్నం కాకముందే విప్పించేశారు.

*

ఇంటికి వచ్చాక గువ్వ మేడమెట్ల మీద కూర్చుంది. చేతిరుమాలు మడతపెట్టడం, విప్పడం. అక్క పని మధ్యలో వదిలేసి వచ్చింది. నేను రెండు మెట్లు కింద నిలబడ్డాను.

"ఆయన 'నేనే' అనలేదు," అంది గువ్వ. "చాలాసేపు చూశాను."

"ఆయన నేను కాదే తల్లీ."

రుమాలు ఆగింది. "మరి ఎవరు?"

"ఆయన... ఆయనే. ఎవరో."

"పళ్ళ డాక్టరు?"

"ఆయన డాక్టరే."

"బస్సులో కండక్టరు? మందులషాపు? చిల్లర తక్కువిచ్చింది నువ్వు కాదా?"

కాదన్నాను. ఒక్కొక్కళ్ళనే అడిగింది, ఒక్కొక్కళ్ళనే కాదన్నాను. బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ దాకా వచ్చింది. ఆవిడ కూడా నేను కాదని చెప్పేసరికి గువ్వ లేచి లోపలికి వెళ్ళి, ఎన్నో ఏళ్ళ తర్వాత బీరువా పక్క సందులో దూరింది. ఇప్పుడు ఆ సందు తనకి చాలదు. భుజం బయటే ఉండిపోయింది.

అక్క మెట్లమీద కూలబడింది. "ప్రపంచమంతా నువ్వే అనుకుందిరా," అంది. "అందుకేరా దానికి భయం పోయింది. మనం నేర్పింది ఏమీ లేదు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లేచి వెళ్ళి, ఆసుపత్రికి ఫోను చేసి, వారం సెలవు అడిగింది. సెలవు అంటే ఏమిటో, దాని తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు.

ఆ వారం గువ్వ గడప దాటలేదు. పాలబూత్ దాకా కూడా రానంది. వరండాలోకి వస్తే రోడ్డుమీద మనుషులు కనబడతారు, వాళ్ళలో నేను లేను. ఇల్లు పొయ్యిమీద మరుగుతున్న గిన్నె మూతలా ఊరికే అదురుతూ ఉండేది. అక్క అన్నిటికీ కసురుకునేది. నేను తిరిగేవాణ్ణి. ఒకరోజు బావ వ్యాను కడుగుతూ నన్ను పిలిచాడు. అతను అంత మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"నువ్వు వెళ్ళాలిరా," అన్నాడు. "కోపంతో అనడం లేదు. నువ్వొచ్చాక దానికి కొత్తవాళ్ళంటే ముద్దు. కానీ అది మందుబిళ్ళకి పూసిన చక్కెర. నువ్వు లేని ఊరు ఎలా ఉంటుందో పిల్ల చూడాలి. వెళ్ళేలోగా నువ్వు చెయ్యాల్సింది ఏమన్నా ఉంటే చెయ్యి."

"ఏం చెయ్యమంటారు బావా?"

"నాకేం తెలుసు. నేను రొట్టెలు వేసేవాణ్ణి."

టీచరుగారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. తప్పు పద్ధతిది, పద్ధతి నాది అని ఒప్పుకుని, లాండ్రీకి వెళ్ళి ఇంకో అవకాశం అడిగారు. కావాలంటే వెనక గదిలో బట్టలు మడతపెట్టమనండి, కౌంటరు మాత్రం వద్దన్నదట ఆవిడ. ఆ మాట గువ్వకి చెప్పాం.

"మడతలు ఇంట్లో పెడతాను," అంది సందులోంచి. "కౌంటరు."

"కౌంటరు దగ్గరికి కొత్తవాళ్ళు వస్తారమ్మా," అంది అక్క.

"తెలుసు. కౌంటరు."

లాండ్రీ ఆవిడ తలపట్టుకుంది. చివరికి, "ముందు ఆ కళ్ళజోడాయన దగ్గరికి ఎవరన్నా వెళ్ళి సంగతి చెప్పుకోండి. నాకు మొహం చెల్లడం లేదు. ఆ తర్వాత చూద్దాం," అంది.

ఎవరన్నా అంటే నేనే. దారి పొడుగునా వేషాలు తిరగేశాను. వినయంగల పెద్దమనిషి, దిగులుమొహం మేనమామ, ఏది వేద్దామా అని. తలుపు తీసేసరికి ఆయన కళ్ళజోడు లేకుండా ఉన్నాడు. చాలా అలిసిపోయి ఉన్నాడు. నేను కట్టుకొచ్చినదంతా జారిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను... లాండ్రీలో ఆ అమ్మాయి మేనమామని," అన్నాను. అక్కణ్ణించి తడబడుతూ, వెనకది ముందూ ముందుది వెనకా, టోపీలూ కళ్ళజోళ్ళూ అన్నీ చెప్పాను. ఆయన తలుపు పట్టుకునే విన్నాడు. కూర్చోమనలేదు.

"అంటే ఆ అమ్మాయి నన్ను వెక్కిరించలేదు."

"లేదండీ. మీరు నేననుకుంది. మెచ్చుకుంది."

ఆయన తలుపు మీంచి చెయ్యి తీశాడు. "అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదటిసారి. అదీ లాండ్రీలో," అన్నాడు. "ఆ అమ్మాయిమీద నాకేమీ లేదని చెప్పండి. కానీ నేను మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళలేను. ఇంకోచోట ఇచ్చుకుంటాను."

చెప్తానన్నాను. ఏ వేషమూ లేకుండా కొత్తమనిషితో అంతసేపు మాట్లాడటం నాకూ అదే మొదటిసారి.

*

నన్ను క్లాసులోంచి తీసేశారు. నా బదులు నిజం కొత్తవాళ్ళు కావాలి. వాళ్ళని పిలుచుకొచ్చే పని మేయరు నెత్తిన వేసుకున్నాడు. వీధిలోకి దిగి, చెయ్యి చాచి, పట్టుకుని, వదలకుండా ఒక్కొక్కళ్ళనీ మేడమీదికి నడిపించుకొచ్చేవాడు. మొదట తెచ్చింది ఆ తాళాలాయననే. గువ్వని మాత్రం క్లాసు దాకా అక్కా బావా ఇద్దరూ కలిసి వ్యానులో తేవాల్సి వచ్చింది.

నేను తలుపు బయట నిలబడి వింటున్నాను. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"నేనేం మాట్లాడాలండీ?" అన్నాడు తాళాలాయన. పాపం, నటన రానివాడు.

"మీకు... ఏం... పని... ఉందో... అదే," అన్నాడు ఎక్స్‌ప్రెస్. ఆయన ఆ మాట పూర్తయ్యేదాకా ఆగాడు. నాకంటే నయం.

అప్పుడు గువ్వ గొంతు వినబడింది, చాలా సన్నగా.

"మీరు మీరేనా?"

"నేనా? ఆ, నేనేనమ్మా. తాళాలు బాగుచేస్తాను."

"టోపీ తియ్యక్కర్లేదా?"

"ఎండకి పెట్టుకున్నానమ్మా. ఉండనీ."

"సరే," అంది గువ్వ. "రసీదు ఇవ్వండి."

'మీరు మీరేనా' అన్న ప్రశ్న మేమెవ్వరం నేర్పలేదు. తర్వాత వచ్చిన ప్రతివాళ్ళనీ గువ్వ అదే అడిగింది. క్షవరం చేసే ఆయన్ని, కూరలావిడని, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్లని. కొందరు నవ్వారు, కొందరు బిక్కమొహం వేశారు. అందరూ 'నేనే' అన్నారు. అన్నాక గువ్వ వేళ్ళు బల్ల అంచుని వదిలేవి. రసీదు లేనివాళ్ళు ఏడిస్తే, ఇంట్లో ఎవరన్నా పోయారా, ఒంట్లో బాగోలేదా అని అడిగి యజమానిని పిలవాలని టీచరుగారు నేర్పారు. పాత ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. వెనక్కి తిరిగి నవ్వడం మానేసింది. దానికి బదులు, ఇంటికొచ్చాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం నేను ఫోను చుట్టూ తిరుగుతుంటే గువ్వ వచ్చి గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నీళ్ళు తాగు. ఊపిరి తీసుకో. చెప్పు."

పక్కనే నిలబడింది, కదిలేలా లేదు. నంబరు నొక్కాను.

"ఎవరూ?" అన్నాడు పాత మేనేజరు.

"నేనే," అన్నాను, నా గొంతుతో. గువ్వ తల ఊపింది.

*

మొదటి వాన పడ్డాక గువ్వని మళ్ళీ కౌంటరు దగ్గర నిలబెట్టారు. కొత్త కంపెనీకి నా ప్రయాణం కూడా ఆ రోజే. ఉతకడానికి ఇచ్చిన నా చొక్కా ఒకటి లాండ్రీలో ఉండిపోయింది. తీసుకుని అటే బస్టాండుకి పోదామని, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. వెళ్ళొద్దని ఈసారి ఎవరూ అనలేదు.

లోపల తడి గొడుగులతో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వెళ్ళి చివర నిలబడ్డాను. గువ్వ నీలం కోటులో ఉంది. మొహం పాలిపోయింది. ఒక్కొక్కళ్ళూ ముందుకు వస్తున్నారు, అడుగుతోంది, వాళ్ళు చెప్తున్నారు, రసీదు తీసుకుంటోంది. లాండ్రీ ఆవిడ వెనక నుంచి చూస్తోంది. ఆవిడ మొహంలో ఏమీ తెలియడం లేదు. నా కాళ్ళు ఆ కాసేపూ ఎలా నిలిచాయో నాకే తెలియదు.

నా వంతు వచ్చింది. గువ్వ నా చేతులవైపు చూసింది.

"మీరు మీరేనా?"

"నేనే," అన్నాను.

ఇంకాసేపు చూసింది. చెయ్యి నా మొహం దాకా రాలేదు. "రసీదు ఇవ్వండి."

జేబులు తడిమాను. సంచీ వెతికాను. రసీదు అక్క ఇంట్లో, అద్దం దగ్గర పెట్టి మర్చిపోయాను.

"ఇంటి దగ్గర ఉండిపోయిందే. ఆ గళ్ళ చొక్కా, అదుగో, నీ వెనకే ఉంది."

"రసీదు లేకపోతే కుదరదండీ. రేపు రండి."

"రేపు నేనుండను గువ్వా. బస్సుకి టైమైంది."

ఆలోచించింది. వేళ్ళు కౌంటరు అంచుని నొక్కిపట్టుకున్నాయి. "ఇంట్లో ఎవరన్నా పోయారా?"

"లేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"అయితే యజమానిగారిని పిలవక్కర్లేదు," అంది. వెనక లాండ్రీ ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రేపు రండి," అంది గువ్వ మళ్ళీ. "ఎల్లుండైనా రండి. ఇందాక యజమానిగారు నన్ను రోజూ రమ్మన్నారు. ఎప్పుడొచ్చినా ఇక్కడ నేనే ఉంటాను."

ఏమన్నా అంటే ఏడుస్తానని భయమేసింది, ఏడిస్తే మళ్ళీ మొదటినుంచీ అడుగుతుంది. సరేనండీ అన్నాను. సంచీ భుజంమీద సర్దుకుని, నా వెనక గొడుగుతో నిలబడ్డ ఆవిడకి దారిచ్చి పక్కకి జరిగాను.